దాటు నిలిపిన ఊరు: పాపాఘ్ని గట్టున కమలాపురం

నది ఒడ్డు పట్టణం అంటే మనకు కోస్తా నమూనా ఒకటి స్థిరపడిపోయింది: నిండుగా పారే నీరు, స్నానఘట్టాలు, పడవలు, లంకలు. ఆ నమూనాతో చూస్తే కడపకు వాయవ్యంగా పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కమలాపురం నది ఊరే కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పాపాఘ్నిలో కనిపించేది ఇసుకే. అందుకే ఈ ఊరి ముచ్చట వచ్చినప్పుడు రైలు స్టేషను, పాత తాలూకా హోదా, గఫార్ షా ఖాద్రి దర్గా ఉరుసు గురించి చెప్పుకుని, ఏటిని ఒక్క మాటతో సరిపెడతారు. ఈ వరస తిరగబడాలన్నది నా వాదన. కమలాపురాన్ని ఊరుగా నిలిపిన రెండు ఆధారాలూ ఏరు ఇచ్చినవే. ఒకటి, మనుషులూ బండ్లూ దాటడానికి వీలైన చోటు. రెండోది, ఇసుక అడుగున నిలిచే నీరు.

పాపాఘ్ని కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లా కొండల్లో పుట్టి, గండి దగ్గర పాలకొండలను చీల్చుకుని, వేంపల్లె మీదుగా ఉత్తరానికి సాగి, కమలాపురం దాపున పెన్నలో కలుస్తుంది. కొండల నడుమ దాని ప్రవాహం ఇరుకు, చుట్టూ రాయి. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప శిలల్లో అన్నిటికంటే అడుగు పొరలకు ఈ నది పేరే పెట్టాడు. కమలాపురం చేరేసరికి నేల చదునవుతుంది, ఏరు వెడల్పవుతుంది. కడప నుంచి తాడిపత్రి, గుత్తి వైపు పోవాలంటే ఇక్కడి దారి సులువు. ఈ నేల మీద జనం ఎంత పాతవారో శాసనాలే చెబుతాయి. తొలి తెలుగు శాసనాలుగా పేరుపడ్డ, ఆరో శతాబ్ది నాటి కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు రెండూ పాత కమలాపురం తాలూకాలోవే. వాటిని వేయించిన రేనాటి చోళుల రాజ్యం పెన్న, చిత్రావతి, పాపాఘ్ని లోయల మధ్య నేల. పదమూడో శతాబ్దిలో కాయస్థ నాయకులు ఏటికి తూర్పున ఉన్న వల్లూరును రాజధానిగా చేసుకున్నారు. వారిలో అంబదేవుడు కాకతి రుద్రమను ఎదిరించింది ఈ ప్రాంతాన్ని చేతిలో ఉంచుకునే. పెన్న గట్టునే ఉన్న పుష్పగిరిని ఐదు నదులు కలిసే క్షేత్రంగా భక్తులు కొలుస్తారు. రాజ్యమైనా క్షేత్రమైనా ఈ నదుల కలయికను వదిలి దూరం పోలేదు.

దీనికి మొదటి అభ్యంతరం రైలు. నేటి పట్టణాన్ని తయారుచేసింది మద్రాసు రైల్వే వాయవ్య మార్గమేనని, ఏటికి అందులో పాత్ర లేదని అనవచ్చు. 1871లో ఆ మార్గం రాయచూరు చేరి బొంబాయి రైలుతో కలిసింది. అప్పటినుంచి కమలాపురానికి రెండు మహానగరాలతో సంబంధం ఏర్పడిన మాట నిజం. అయితే ఆ రైలు ఈ దారిన ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. కొండల జిల్లాలో పట్టాలు వేయాలంటే నదుల లోయలే దిక్కు. ఇంజనీర్లు పెన్నకు దక్షిణంగా, లోయ వెంబడే సాగి, పాపాఘ్నిని కమలాపురం దగ్గర దాటారు. బండ్లకు అనువైన చోటే రైలుకూ అనువైంది. దాటు విలువ ఎంతో 1902 సెప్టెంబరులో జిల్లా అంతటికీ తెలిసొచ్చింది. ఇదే మార్గంలో మంగపట్నం దగ్గర వాగు మీది వంతెన వరదకు కొట్టుకుపోయి, మద్రాసు మెయిలు అందులో పడి డెబ్బై మందికి పైగా చనిపోయారు. ఏడాదంతా ఎండి ఉండే వాగు ఒక్క రాత్రిలో అంత పని చేయగలిగిన సీమ ఇది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. నీళ్లు లేని ఏరు ఊరికి ఏం పెడుతుంది? దీనికి జవాబు కర్నూలు-కడప (కేసీ) కాలువ కథలో ఉంది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, 1860లలో తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలువ తవ్వించింది. సాగునీటితో పాటు పడవల రవాణా మీదా కంపెనీ ఆశ పెట్టుకుంది. కాలువ ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర పెన్నను దాటి కడప వైపు సాగింది. రాబడి రాక కంపెనీ దెబ్బతింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. కోస్తా డెల్టాలో ఫలించిన పడవల లెక్క సీమలో ఫలించలేదు. ఇక్కడి రైతు ఏటిని వాడుకున్న తీరు వేరు. ఎండాకాలంలో ఇసుకలో చెలమ తీసి తాగునీరు తోడుకున్నారు. ఏటిగర్భంలో ఊట కాలువలు తవ్వి, ఇసుకలో ఊరే నీటిని పొలాలకు మళ్లించారు. గట్టు వెంబడి బావులకు ప్రాణం ఆ ఊటే. పైన పారే నీటిని ఎండ తాగేస్తుంది, ఇసుకలోకి దిగిన నీరు చాలాకాలం నిలుస్తుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన చోట ఇంతకంటే తెలివైన నిల్వ లేదు. ఇప్పుడు గాలేరు-నగరి పథకంతో గండికోట, సర్వరాయసాగర్ జలాశయాలకు కృష్ణా నీరు వస్తోంది కాబట్టి ఆ ఊటలతో పని తీరిందని ఎవరైనా అనవచ్చు. ఆ నీరు ఎగువన శ్రీశైలం నిండితేనే వస్తుంది. ఎగువన కరువొచ్చిన ఏడు ఊరిని ఆదుకునేది కాలి కింద నీరే.

2021 నవంబరు దాటు విలువను మళ్లీ ముందుకు తెచ్చింది. కొత్తగా నగర పంచాయతీ అయిన కమలాపురం ఆ నెలలోనే తొలిసారి తన పాలకవర్గం కోసం ఓటు వేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే భారీ వానలు పడి, ఎగువన వెలిగల్లు జలాశయం గేట్లెత్తాక, పాపాఘ్ని వరదకు రోడ్డు వంతెన కుంగి కూలింది. కడపతో నేరుగా ఉన్న రాకపోకలు తెగిపోయి జనం చుట్టుదారులు పట్టారు. పట్టణ హోదాకు తొలి పాలకవర్గం దక్కిన నెలలోనే, ఆ హోదాకు మూలమైన దాటు పోయింది.

దాటు, నీరు అనే రెండు ఆధారాలూ ఇసుక దగ్గర కలుస్తాయి. ఇసుక మందంగా ఉన్నంతకాలం బావుల్లో ఊట ఉంటుంది, వంతెన పునాదులకు కప్పు ఉంటుంది. దాన్ని తోడేస్తే రెండూ దెబ్బతింటాయి. 2021 నష్టానికి ఇదొక్కటే కారణమని నేను అనను, ఆ వరద నిజంగానే పెద్దది. కానీ తర్వాతి వరదకు ఊరు ఎంత సిద్ధంగా ఉందన్నది ఇసుక మీదే ఆధారపడుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల (వాల్టా) చట్టం కింద చేసిన నిబంధనలు వంతెనలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదంటున్నాయి. వాటిని అమలుచేయడం కమలాపురానికి తన ఉనికిని కాపాడుకోవడమే. ఈ ఊరు కడపకు శివారుగా పెరగడం ఖాయం. ఇళ్ల స్థలాల ధరలు పెరుగుతాయి, ఏటి గట్టు వైపు లేఅవుట్లు జరుగుతాయి. ఆ పెరుగుదలకు గీత గీయాల్సినప్పుడు పాలకవర్గం ముందుగా కొలవాల్సినవి మూడు: ఏటి వెడల్పు, ఇసుక లోతు, వరద ఎక్కిన హద్దు. పద్నాలుగు వందల ఏళ్లుగా జనాన్ని తన పక్కన నిలుపుకున్న ఏరు, ప్రణాళికలో మొదటి పేజీకి అర్హమైనది.