మోటారు కదిలే క్షణం

మోటబావి దగ్గర ఎద్దులు నడిచే దారిని చదునుగా ఉంచేవారు కాదు. బావి నుంచి దూరమయ్యేకొద్దీ అది కిందికి వాలేది. నీళ్లతో నిండిన తోలుసంచి పైకి లేచేటప్పుడు ఎద్దుల సత్తువకు వాటి ఒంటి బరువూ తోడవ్వాలని ఆ ఏర్పాటు. బావి లోతు, సంచి పరిమాణం, ఎద్దుల జత మూడూ పొసగాలి. పంపుకు మోటారును ఎంచే ఇంజినీరు వేసేదీ ఇదే లెక్క.

1891లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జనం ఓ కృత్రిమ జలపాతాన్ని చూశారు. నీటిని పైకి తోడిన పంపును తిప్పింది ఇంజినీరు డొలివో-డొబ్రొవోల్‌స్కీ రూపొందించిన త్రీఫేజ్ మోటారు. దానికి కరెంటు 175 కిలోమీటర్ల అవతల లౌఫెన్‌లో, నెకర్ నది నీటితో పుట్టింది. ఎక్కడో పారే నీరు మరోచోట నీళ్లు తోడింది! ఈనాటి పొలం మోటారు ఆ వంశానిదే.

ఆ మోటారుకు ఒక చిక్కుంది. నేరుగా లైనుకు తగిలిస్తే, కదిలే క్షణంలో మామూలుగా వాడుకునే కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్ ఆ గుంజుడును మూడో వంతుకు తగ్గిస్తుంది; తిప్పే బలమూ మూడో వంతుకే పడిపోతుంది. మామూలు పంపుకు అది చాలు, మొదట్లో దాని మీద భారం తక్కువ కాబట్టి.

తెలుగు పల్లెల్లో మోటారు కదిలే ఈ క్షణానికి వేరే చరిత్ర ఉంది. వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రి వచ్చే రోజుల్లో, చీకట్లో పాముల మధ్య, తడి గట్ల మీద నడిచి స్టార్టర్ డబ్బా నొక్కాల్సిన రైతుకు, మోటారును తానే నడిపించే ఆటోస్టార్టర్ ప్రాణరక్షణే. కానీ కరెంటు రాగానే అన్ని బావుల మోటార్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏం తట్టుకుంటుంది? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలయ్యాక, భూగర్భజలం అడుగంటకుండా ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది.

బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు సంగతి పూర్తిగా వేరు. నిండా బొగ్గుతో ఆగిపోయిన బెల్టును మళ్లీ కదిలించాలంటే మొదటి క్షణం నుంచే పూర్తి బలం కావాలి. స్టార్-డెల్టా అక్కడ చేతులెత్తేస్తుంది. అందుకే అక్కడ స్లిప్‌రింగ్ మోటార్లు, ఫ్లూయిడ్ కప్లింగులు వాడతారు. నూనె ద్వారా బలాన్ని మెత్తగా అందించే ఈ కప్లింగుకు మూలం, ఓడల టర్బైన్ల కోసం హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ పొందిన ఆలోచన.

మోటారు వేగాన్ని సులువుగా మార్చగలిగే రోజులు తర్వాత వచ్చాయి. డెన్మార్క్ సంస్థ డాన్‌ఫాస్ 1968లో ఫ్రీక్వెన్సీ డ్రైవులను పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. అంతవరకూ చాలాచోట్ల నీళ్లు తక్కువ కావాలంటే వాల్వు బిగించడమే. మోటారు మాత్రం అదే వేగంతో తిరిగేది. గొట్టాల రాపిడే ప్రధానమైన చోట పంపు వేగాన్ని 80 శాతానికి దించితే కావలసిన శక్తి దాదాపు సగమవుతుంది. బెల్టుకు ఇంత లాభం రాదు. దాని బరువు వేగంతో తగ్గదు కదా.

ఎత్తిపోతలలోనూ ఈ లాభాన్ని గుడ్డిగా నమ్మకూడదు. అక్కడ శ్రమలో ఎక్కువ భాగం ఎత్తుకే పోతుంది. వేగం మరీ తగ్గిస్తే నీరు పైకే రాదు. గోదావరి నీటిని పోలవరం కుడికాలువ మీదుగా కృష్ణకు పంపే పట్టిసీమలో 24 పంపులున్నాయి, ఒక్కోటి సెకనుకు సుమారు 10 ఘనపు మీటర్లు తోడుతుంది. నీళ్లు ఎక్కువో తక్కువో కావాలంటే నడిచే పంపుల సంఖ్యను మారిస్తే సరిపోతుంది.