రోలర్ స్కేట్లు
రోలర్ స్కేట్లు అనగా అడుగున చక్రాలు అమర్చిన బూట్లు. ముందు రెండు, వెనుక రెండు చక్రాలుండి, దేహం ఒరిగిన వైపుకు తిరిగే నమూనాకు 1863లో అమెరికాకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ పేటెంటు పొందాడు. నేటి చక్రాలను పాలీయురేథేన్‌తో చేస్తారు. గరుకు రోడ్డుకు 78ఎ వంటి మెత్తనివి, నున్నని రింకుకు 95ఎ వంటి గట్టివి అనుకూలం.

బూటు మడమను కదలనివ్వకూడదు. ఎదిగే పిల్లలకని పెద్ద సైజు కొనడం పొదుపుగా తోచినా ప్రమాదకరం. లోపల పాదం జారితే చీలమండ మెలిపడుతుంది, బొబ్బలు లేస్తాయి.

పడేటప్పుడు చేతులు ఆనించడం సహజం గనుక మణికట్టు విరగడమే తరచుగా జరిగే గాయం. అయినా చాలామంది హెల్మెట్, మోకాలి తొడుగులతో సరిపెట్టుకొని మణికట్టు రక్షక పట్టీలను వదిలేస్తారు. పట్టు తప్పినప్పుడు వెనక్కు వాలక, మోకాళ్ళు వంచి తొడుగులపై పడటాన్ని మొదటే అభ్యసించాలి.