ఇంట్లో ఏముండేది, ఎట్లా పోయింది, ఎట్లా తిరిగొస్తోంది

ప్రతి సంవత్సరం నివేదికలో పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు రాసుకుంటున్నాం. ఈసారి మన ఇళ్ళల్లోని ఆస్తుల చరిత్ర రాద్దామనుకున్నాం.

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. మనలో ఎక్కువమందివి రెండు మూడెకరాల మెట్ట చేలు. మన అవ్వల కాలంలో ఇంటి ఆస్తి అంటే జత ఎద్దులు, మడక, గుంటక, గొర్రు, నాలుగు మేకలు, కోళ్ళు, ఇత్తడి బిందెలు, మెళ్ళో కొంచెం బంగారం. చేలో కొర్ర, సజ్జ, జొన్న, కంది కలిపి వేసేవాళ్ళు. ఒకటి పోయినా ఒకటి చేతికొచ్చేది. తర్వాత చెనిక్కాయ వచ్చి చేలన్నీ అదే అయింది. పండితే డబ్బు కళ్ళజూసినాం. కానీ విత్తనాలకు, మందులకు ముందే పెట్టుబడి కావాలి, వాన మొహం చాటేస్తే తినే గింజ కూడా ఇంట్లో ఉండదు.

కరువొస్తే ఇంట్లో వస్తువులు ఒక వరసలో పోతాయి. ముందు కోళ్ళు, మేకలు. తర్వాత పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి. ఆ తర్వాత బంగారం తాకట్టు. చివరికి ఎద్దులు. గమనించండి, ముందుగా పోయేవన్నీ ఆడవాళ్ళవే. భూమి మాత్రం మగవాళ్ళ పేరు మీద అట్లనే ఉండేది.

ఎద్దులు పోతే మళ్ళీ లేవడం కష్టం. మేత లేక ఊరంతా ఒకేసారి సంతకు తోలితే ధర పడిపోతుంది. వాన పడినాక అందరూ ఒకేసారి కొనబోతే ధర పెరుగుతుంది. ఎద్దులు లేని ఇంట్లో అదను దాటినాక విత్తనం పడుతుంది, పంట తగ్గుతుంది. అప్పు నూటికి నెలకు మూడు రూపాయలైతే ఏడాదికి 36 రూపాయల వడ్డీ. అందుకే పేదరికమంటే చేతిలో డబ్బు లేకపోవడమొక్కటే కాదు, డబ్బు తెచ్చే వస్తువు ఇంట్లో లేకపోవడం.

ఈ వరసకు అడ్డం పడింది మన పొదుపే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం జిల్లాలన్నీ పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకు రూపాయి పొదుపు సంఘాలు లేచినాయి. 2000లో ఆరు జిల్లాల్లో వెలుగు మొదలైంది, అందులో మనదీ ఒకటి. 2004లో పావలా వడ్డీ వచ్చింది. అప్పట్లో సక్రమంగా కట్టిన సంఘానికి నూటికి ఏడాదికి మూడు రూపాయలే భారం పడేది. బయట నెలకు కట్టేంత వడ్డీ అప్పుడు ఇక్కడ ఏడాదికి కట్టేవాళ్ళమన్నమాట. మేకలు అమ్మకుండా ఫీజు కట్టగలిగినాం, తాకట్టు బంగారం విడిపించుకున్నాం.

చట్టంలోనూ మార్పు వచ్చింది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చినారు. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టం సవరించి పెళ్ళయిన కూతుళ్ళకూ ఆ హక్కు ఇచ్చింది. హక్కు కాగితం మీద ఉంది. కానీ అన్నదమ్ములతో మాట పోతుందని మనలో చాలామందిమి అడగడం లేదు.

ఇక చేయవలసింది. వచ్చే సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి సంఘం పుస్తకంలో నాలుగు గళ్ళు గీద్దాం. ఇంట్లో ఏ ఆస్తి ఉంది, ఎవరి పేరు మీద ఉంది, ఏడాదికి ఎంత తెస్తోంది, దాని మీద అప్పెంత. మేక ఐదు నెలలకు ఈనుతుంది, టీవీ ఈనదు. టీవీ కొనొద్దని కాదు, అప్పు తీసుకునేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. అప్పుతో గేదె కొంటే బీమా కూడా మన పేరునే చేయిద్దాం. రెండో గడిలో మన పేరు ఎన్ని చోట్ల ఉందో వచ్చే ఏడాది నివేదికలో లెక్క రాద్దాం.