బ్యాండికూట్‌: పందికొక్కు పేరు మోస్తున్న సంచి జంతువు

బ్యాండికూట్‌ ఆస్ట్రేలియా, న్యూగినీ నేలల్లో బతికే చిన్న జంతువు. కొన్ని జాతులు ఎలుకంత, కొన్ని కుందేలంత ఉంటాయి. పిల్లను పొట్ట మీది సంచిలో పెట్టి పెంచుతుంది కాబట్టి ఇది కంగారూకి, కొఆలాకి చుట్టం. పేరు మాత్రం మన తెలుగు నేలది. కనగానపల్లి, ధర్మవరం, పెనుకొండ చుట్టుపక్కల శెనక్కాయ చేలల్లో గట్లకు బొక్కలు పెట్టి, కాయలు లోపలికి మోసుకుపోయి దాచుకునే పందికొక్కు పేరే ఇంగ్లీషువాళ్ల నోట నలిగి 'బ్యాండికూట్‌' అయింది. మనం పుట్టించిన మాట మన దేశంలో లేని జంతు కుటుంబానికి స్థిరపడటం అరుదైన సంగతి. తెలుగువాళ్లు దీన్ని తెలుసుకుని ఉండాలి.

పేరు చరిత్ర

పందిలా గుర్రుమనే పెద్ద ఎలుక పందికొక్కు. యూల్‌, బర్నెల్‌ 1886లో అచ్చువేసిన 'హాబ్సన్‌-జాబ్సన్‌' నిఘంటువు ఈ మాట తెలుగు నుంచే వచ్చిందని, 'పంది ఎలుక' అని దాని అర్థమని రాసింది. అప్పటికే ఆ మాట సముద్రం దాటిపోయింది. ఆస్ట్రేలియా తీరాల్ని చుట్టివచ్చిన నౌకావైద్యుడు జార్జ్‌ బాస్‌ 1799లో అక్కడి ఒక కోసుమూతి జంతువును బ్యాండికూట్‌ అన్నాడు. దేశం కొత్త, జంతువు కొత్త. చేతిలో ఉన్న పాత పేరునే దానికి తగిలించాడు. మన పందికొక్కు కూడా ఆ పేరును పోగొట్టుకోలేదు. 1873లో జె.ఇ. గ్రే దాని ప్రజాతికి 'బ్యాండికోటా' అని శాస్త్రనామం పెట్టడంతో తెలుగు మాట లాటిన్‌ వేషం కూడా కట్టింది.

ఒకే పేరున్నా రెండింటికీ రక్తసంబంధం లేదు. పందికొక్కు ఎలుకల కుటుంబానిది. పైన రెండు, కింద రెండు ఉలిపళ్లు దాని జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. బ్యాండికూట్‌కు ముందుపళ్లు పై దవడలోనే అయిదు జతల దాకా ఉంటాయి. అది గింజలు కొరకడానికి కాదు, పురుగులు, వానపాములు, దుంపలు, పుట్టగొడుగుల కోసం తవ్వుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో క్వెండా అని పిలిచే జాతిలో ఒక్కో జంతువు ఏడాదికి దాదాపు 4 టన్నుల మట్టిని తిరగేస్తుందని లెక్కకట్టారు. ఆ గుంటల్లో నీరింకుతుంది, విత్తనం మొలుస్తుంది. మన రైతుకు పందికొక్కు శత్రువు. అక్కడి అడవికి బ్యాండికూట్‌ సేద్యగాడు.

పిల్లల్ని కనే తీరు ఇంకా వింత. కొన్ని బ్యాండికూట్‌ జాతుల గర్భకాలం పన్నెండున్నర రోజులే. క్షీరదాల్లో ఇంత తక్కువ కాలం మరెక్కడా దాదాపు కనిపించదు. చిక్కుడు గింజకన్నా చిన్నగా పుట్టిన పిల్ల, పేగుతాడు తల్లికి అంటుకుని ఉండగానే సంచిలోకి పాకి చనుమొనను పట్టుకుంటుంది. సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి తల్లి ఎంత తవ్వినా మట్టి లోపల పడదు.

సంచి జంతువుల వంశం

పిల్లను ఎదగకముందే కని, పాలిచ్చి, బయట పెంచి పూర్తిచేసే క్షీరదాల్ని మార్సూపియల్స్‌ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు మూలం చిన్న సంచి. నిజానికి సంచి అన్నిటికీ ఉండదు. చెదపురుగులు తిని బతికే నంబాట్‌కు అసలు లేదు. ఇవాళ బతికున్న జాతులు సుమారు 380. వీటిని ఏడు క్రమాలుగా, దాదాపు ఇరవై కుటుంబాలుగా విభజించారు.

యూరప్‌ వీటిని మొదట చూసింది అమెరికా ఒపోసమ్‌ రూపంలో. 1500లో స్పెయిన్‌ నావికుడు పిన్సోన్‌ దక్షిణ అమెరికా తీరంలో ఒకదాన్ని పట్టి రాజదంపతుల దగ్గరికి తీసుకెళ్లాడు. 1629లో డచ్చి నావికుడు పెల్సార్ట్‌ ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో వాలబీని చూసి, పిల్ల చనుమొన నుంచే మొలుస్తుందని నమ్మాడు. తప్పే అయినా చూపు నిశితమైనదే, ఎందుకంటే పిల్ల నిజంగానే చనుమొనకు అతుక్కుపోయి కనిపిస్తుంది. 1770లో కుక్‌ బృందం విన్న స్థానిక గుగు యిమిథిర్‌ మాట 'గంగుర్రు' కంగారూ అయింది.

ఒపోసమ్‌ల కుటుంబం అమెరికా ఖండాలది, వంద జాతులకు పైబడి ఉంటుంది. మెక్సికోకు ఉత్తరాన ఒక్క వర్జీనియా ఒపోసమే ఉంది. టెక్సాస్‌, న్యూజెర్సీల్లో ఇళ్లు కట్టుకున్న తెలుగువాళ్లు రాత్రిపూట చెత్తడబ్బా దగ్గర చూసేది దాన్నే. మెల్‌బోర్న్‌, సిడ్నీ వాళ్ల ఇంటి కప్పు మీద దడదడలాడేది మాత్రం వేరే కుటుంబపు బ్రష్‌టెయిల్‌ పోసమ్‌. చిలీ, అర్జెంటీనా అడవుల్లో ఉండే గుప్పెడంత 'మోనితో దెల్‌ మోంతె' అమెరికాలో ఉన్నా ఆస్ట్రేలియా వాటికే దగ్గరి చుట్టం.

అన్నిటికన్నా పెద్ద క్రమంలో కంగారూలు, వాలబీలు, పోసమ్‌లు, వోంబాట్‌లు, కొఆలా ఉన్నాయి. కొఆలాను ఎలుగుబంటి అనడం పొరపాటు. అది మన ఊళ్లలో జామాయిల్‌ అని పిలిచే యూకలిప్టస్‌ ఆకుల మీద బతుకుతుంది. మాంసం తినే వాటిలో టాస్మేనియన్‌ డెవిల్‌ పెద్దది. తోడేలును తలపించే థైలసిన్‌ దానికన్నా పెద్దదే కాని, చివరిది 1936 సెప్టెంబరు 7న హోబార్ట్‌ జంతు ప్రదర్శనశాలలో చనిపోయింది.

మనకెందుకు లేవు?

గోండుల నేల పేరు మీదే గోండ్వానా అనే పేరు పుట్టింది. ఆ మహాఖండంలో మన దేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఒకటిగా ఉండేవి. ఇండియా సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయి ఉత్తరానికి కదిలింది. మార్సూపియల్స్‌ దక్షిణ అమెరికా నుంచి అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా చేరింది ఆ తర్వాత. ఆ దారిలో మనం లేము. తెలంగాణలోని నస్కల్‌ దగ్గర లావా పొరల మధ్య దొరికిన చిన్న పళ్ల ఆధారంగా జి.వి.ఆర్‌. ప్రసాద్‌, అశోక్‌ సాహ్ని 1988లో వివరించిన దక్కనోలెస్టిస్‌ మావి ఉన్న క్షీరదాల వైపుదే, సంచి జంతువు కాదు. గుజరాత్‌లోని వస్తాన్‌ లిగ్నైట్‌ గనిలో మాత్రం అయిదు కోట్ల ఏళ్లకు పైబడిన పొరల్లో మార్సూపియల్‌ వంశపు పళ్లు దొరికాయి. ఆ జంతువుల్లో ఒకదాని పేరు ఇండోడెల్ఫిస్‌. అంటే ఒకప్పుడు ఇక్కడా ఉన్నాయి, కాని ఇప్పటిదాకా నిలవలేదు.

పోయినవి, మిగిలినవి

బ్యాండికూట్‌ క్రమంలో ఇప్పుడు సుమారు 20 జాతులు ఉన్నాయి. పొడుగు చెవుల బిల్బీ ఈ క్రమానిదే. దాని చిన్న చెల్లెలు చిన్న బిల్బీ 20వ శతాబ్ది మధ్యకల్లా కనుమరుగైంది. పంది గిట్టల బ్యాండికూట్‌ కథ మరీ బాధాకరం. ముందుకాళ్లకు రెండేసి వేళ్లతో పంది గిట్టలా నడిచే ఆ జంతువుకు 1838లో 'తోకలేనిది' అని పేరు పెట్టారు. పరిశీలించిన నమూనాకు తోక ఊడిపోవడమే కారణం. పంది పేరు రెండుసార్లు మోసిన ఆ జీవి 1901 తర్వాత మ్యూజియాలకు చేరలేదు. ఎడారి ఆదివాసుల జ్ఞాపకాల ప్రకారం మాత్రం అది 1950ల దాకా బతికి ఉంది. యూరోపియన్లు తెచ్చిన నక్క, పిల్లి, మారిపోయిన కార్చిచ్చుల తీరు ఈ నష్టానికి ముఖ్య కారణాలు.

తూర్పు చారల బ్యాండికూట్‌ కూడా ఆ దారినే పోవలసింది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో దాని చివరి గుంపు విక్టోరియాలోని హామిల్టన్‌ పట్టణపు చెత్తదిబ్బలో, పాత కార్ల కింద మిగిలింది. 1980ల చివర్లో వాటిని పట్టి పెంచడం మొదలుపెట్టారు. కంచె వేసిన అడవుల్లోకి, ఆపై 2015 నుంచి నక్కలు లేని చర్చిల్‌, ఫిలిప్‌, ఫ్రెంచ్‌ దీవుల్లోకి వదిలారు. 2021లో విక్టోరియా ప్రభుత్వం ఈ జాతిని 'అడవిలో అంతరించినది' అన్న జాబితా నుంచి తీసి 'ప్రమాదంలో ఉన్నది' అన్న జాబితాలోకి మార్చింది. ఆస్ట్రేలియాలో అలా వెనక్కి వచ్చిన మొదటి జాతి ఇదే.