ఆంధ్ర చలనచిత్రకారుల తొలి విద్యాభ్యాసము

చలనచిత్ర చరిత్ర వ్రాయువారు సాధారణముగా చిత్రముల పట్టికతో నారంభింతురు. ఏది మొదటిది, ఏది యేయేట వెలువడెను అను ప్రశ్నలు ముఖ్యములే. కాని వానికంటె ముందడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. నేర్పు పాఠశాల లేని కాలమున తొలివారు ఈ పనిని ఎట్లు నేర్చిరి? వారివలన నెవరు నేర్చిరి? ఈ విషయమును విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మచిలీపట్టణమువారైన రఘుపతి వెంకయ్యగారు చెన్నపట్టణమున ఛాయాచిత్రశాల నడపుచుండిరి. 1910 ప్రాంతమున వారికి క్రోనోమెగాఫోను అను యంత్రముమీద మనసు పోయెను. కదలెడు బొమ్మకు గ్రామఫోను పలకను జోడించి రెంటిని నేకకాలమున నడపుట దాని పద్ధతి. తమ చిత్రశాలను కుదువబెట్టి యా యంత్రమును గొనిరని ప్రసిద్ధి. విక్టోరియా పబ్లిక్ హాలున దానిని ప్రదర్శించి, పిమ్మట ఊరూర దిరిగి, బర్మా సింహళ దేశములకును గొనిపోయిరి. 1914లో మౌంటురోడ్డున గెయిటీ యను ప్రదర్శనశాలను, తరువాత క్రౌను, గ్లోబు అనువానిని నిర్మించిరి. కావున వెంకయ్యగారికి గురువులు ఇద్దరే యనవచ్చును: ఒకటి ఛాయాగ్రహణయంత్రము, రెండవది టిక్కెట్టు కొని వచ్చిన ప్రేక్షకజనము.

ప్రదర్శనమునుండి నిర్మాణమునకు బోవుటకు మాత్రము ఈ విద్య చాలదు. దక్షిణదేశమున నటరాజ మొదలియారు కీచకవధమును 1918 ప్రాంతమున నిర్మించి యుండెను గాని, ఆ మార్గము ఇంకను ఒంటికాలిబాటయే. అందుచేత వెంకయ్యగారు తమ కుమారుడైన ప్రకాశమును విదేశములకు బంపిరి. ఆయన లండనులోని బార్కరు చిత్రశాలయందు పని నేర్చి తిరిగివచ్చెను. 1921లో తండ్రికొడుకులు చెన్నపట్టణమున స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను సంస్థను స్థాపించి భీష్మప్రతిజ్ఞను దీసిరి. ప్రకాశమే దర్శకుడు, భీష్మ పాత్రధారియు నాతడే. అది మూకచిత్రము. మాట లేని చిత్రమునకు భాష యెక్కడిది? కావున దీనిని తెలుగు చిత్రమనుట నిర్మాతలనుబట్టియే గాని భాషనుబట్టి గాదని గుర్తింపవలెను.

ఈ ప్రయత్నము ధనదృష్టిచే నిలువలేదు. అప్పులు పెరిగెను, ప్రదర్శనశాలలు చేజారెను. వెంకయ్యగారు 1941లో గతించిరి. భీష్మప్రతిజ్ఞ ప్రతియు నేడు లభ్యము గాదు. చిత్రముల పట్టికను మాత్రమే చూచువారికి ఇది యొక విఫలకథ. కాని శిష్యుల పట్టికను జూచినచో తీర్పు మారును.

ప్రకాశమువద్ద పనిచేసినవారిలో చిత్తజల్లు పుల్లయ్యగారు ముఖ్యులు. ఆయన కాకినాడయందు మార్కండేయ మూకచిత్రమును దీసి, టాకీలు వచ్చిన పిదప కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున 1933లో సతీసావిత్రిని, 1934లో లవకుశను దీసెను. అదే లవకుశను వర్ణచిత్రముగా మరల నారంభించి, అస్వస్థతచే మానుకొనగా, కుమారుడు సి.యస్. రావు పూర్తిచేసెను. అది 1963లో వెలువడెను. తండ్రి యారంభించినదానిని కొడుకు కొనసాగించుట వెంకయ్యగారి యింటి పద్ధతియే. శిష్యుని యింటను అదియే జరిగెను.

గురువు నాశ్రయింపక నేర్చినవారును గలరు. ఏలూరు ప్రాంతమున సోమవరప్పాడులో 1908లో జన్మించిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు ఇల్లు విడిచి బొంబాయికి బోయి, ఒక చిత్రసంస్థయందు చిన్నచిన్న పనులు చేయు కుఱ్ఱవాడుగా చేరెను. ఎల్.వి. ప్రసాదు అను పేరు తరువాతిది. ఆలం ఆరా, కాళిదాసు, భక్తప్రహ్లాద అను మూడింటను ఆయన చిన్నవేషములు ధరించెను. ఇవి హిందీ, తమిళము, తెలుగు వాక్చిత్రములకు వరుసగా మొదటివి. పనివాడుగా ప్రవేశించి 1946లో గృహప్రవేశమునకు దర్శకుడగుటకు ఆయనకు సుమారు పదునైదేండ్లు పట్టెను. 1949లో మనదేశము ద్వారా నందమూరి తారకరామారావును తెరకు బరిచయము చేసెను. 1982 సంవత్సరపు ఫాల్కే పురస్కారము ఆయనను వరించెను.

ఈ రెండు మార్గములను బోల్చినచో నొక యంశము స్పష్టమగును. మనవారికి చలనచిత్రవిద్య పుస్తకములవలన గాక, పనిచేయువాని ప్రక్కన నిలుచుటవలననే యబ్బినది. కావున ఒక సంస్థ మూతబడినను, అందు నిలిచి చూచినవారు దాని విద్యను వేరుచోటికి గొనిపోయిరి. ప్రభుత్వము 1980లో వెంకయ్యగారి పేర పురస్కారమును నెలకొల్పినది ఈ ఋణము గుర్తించియే యని తలచెదను.

ఐనను ఆ కర్మశాలలలో దీపములు మోసినవారు, ఫిలిము కడిగినవారు, తెరలు వ్రాసినవారు ఎవరు? వారి పేళ్లు మనకు దక్కలేదు. భక్తప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న వెలువడెనని చిరకాలము నమ్మితిమి. పాతపత్రికల ప్రకటనలు, సెన్సారు తేదీ పరిశీలింపగా 1932 ఫిబ్రవరి 6 అని తేలినది. ఒక కాగితము చరిత్రను దిద్దగలదు. కావున పాతయిండ్ల పెట్టెలలో నున్న కరపత్రములను, జీతపు చిట్టాలను, ఉత్తరములను చెదలకు విడువక భద్రపఱచి పరిశోధకులకు జూపవలసినదిగా పాఠకమహాశయులను ప్రార్థించుచున్నాను.