తిప్పి పంపిన ఫొటోకు ప్రతిపదార్థం

గుంటూరు దగ్గర ఒక ఊళ్లో తీసిన ఫొటో ఒకటి నా దగ్గరుంది. రేకుల షెడ్డు కింద ఎండుమిర్చి రాశి, వెనక నాలుగు టిక్కీలు (మిర్చి బస్తాలు), రాశి ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ. ఓ స్టాక్ సైటుకు పంపితే మూడుసార్లు తిరిగొచ్చింది, ప్రతిసారీ ఒకటి రెండు మాటల కారణంతో. ఆ మాటలను తిట్లుగా తీసుకుంటే కోపం వస్తుంది. నిజానికి అవి పారిభాషిక పదాలు. పద్యానికి చెప్పుకున్నట్టే ఒక్కోదానికి అర్థం చెప్పుకోవాలి.

స్టాక్: అంటే నిల్వ సరుకు. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు కావాలో తెలియకుండానే ముందుగా తీసి పెట్టిన బొమ్మ. కొనేది పత్రిక కావచ్చు, కారప్పొడి కంపెనీ కావచ్చు. కాబట్టి సైటు పరిశీలకుడు అడిగేది 'బొమ్మ అందంగా ఉందా' అని మాత్రమే కాదు. పెద్ద పోస్టరుగా వేస్తే నిలుస్తుందా? వాడినవాడికి లాయరు నోటీసు రాకుండా ఉంటుందా? కింద చెప్పే పదాలన్నీ ఈ రెండు ప్రశ్నల్లోంచి పుట్టినవే. ఇక్కడే ఇంకో మాట: 'రాయల్టీ ఫ్రీ' అంటే ఉచితం అని కాదు. ఒకసారి సొమ్ము కట్టి, లైసెన్సు షరతుల్లో ఉంటూ, వాడిన ప్రతిసారీ మళ్లీ కట్టనక్కర్లేకపోవడం అని.

ఫోకస్: 'ఫోన్లో స్పష్టంగానే ఉందే' అని మొదటి సందేహం. ఫోన్లో కనిపించేది కుదించిన బొమ్మ. పరిశీలకుడు 100 శాతం దగ్గర చూస్తాడు, అనగా ఫొటోలోని ఒక పిక్సెల్‌కు తెరమీది ఒక పిక్సెల్. అక్కడ మూడు వేర్వేరు జబ్బులు బయటపడతాయి. బొమ్మంతా ఒకే దిక్కుకు ఈడ్చినట్టుంటే కెమెరా కదిలింది. చేతులు మాత్రమే చెదిరితే మనిషి కదిలింది. ఒకచోట మసకగా, ఇంకోచోట పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. నా ఫొటోలో వెనక టిక్కీ మీది కుట్టుదారం పోగు పోగుగా లెక్కపెట్టొచ్చు, ఆవిడ కళ్లు మాత్రం మసక. దీనికి మందు లేదు. సాఫ్ట్‌వేర్లోని షార్పెనింగ్, ఉన్న అంచుకు అటూ ఇటూ నలుపు తెలుపుల తేడా పెంచుతుంది, అంతే. లేని వివరాన్ని తేలేదు.

నాయిస్: చప్పుడు అని మాట, బొమ్మలో మాత్రం ఇసక చల్లినట్టు రేణువులు. 'ఐఎస్ఓ పెంచితే నాయిస్ వస్తుంది' అని అందరూ అంటారు. ఇది సగం నిజం. ఐఎస్ఓ పెంచడమంటే అందిన సంకేతాన్ని హెచ్చించడం, అది కొత్త వెలుతురును తేదు. అసలు కారణం వెలుతురు కరువు. వెలుతురు కణాలుగా వస్తుంది. వాన మొదలైనప్పుడు అరుగు మీద చినుకులు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడతాయి, జోరు పెరిగాక ఆ తేడా తెలియదు. ఇదీ అంతే. ఒక పిక్సెల్ సగటున 100 కణాలు పోగుచేస్తే హెచ్చుతగ్గు సుమారు 10, అంటే నూటికి 10. అదే 10,000 అందితే హెచ్చుతగ్గు 100, అంటే నూటికి 1. కనుక నాయిస్‌కు విరుగుడు స్లైడరులో లేదు, షెడ్డు అంచున ఉంది. మనిషిని నీడలోంచి నాలుగడుగులు బయటి వైపు జరిపి కూర్చోబెట్టడమే వైద్యం.

ఎక్స్‌పోజర్: వెలుతురు మరీ ఎక్కువ, మరీ తక్కువ కాకుండా ఉండటం. ఈ మాత్రం అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ వేర్వేరు లెక్కలుంటాయి. 8 బిట్ల ఫైల్లో ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా మెట్లు. మిర్చి రాశిలో వెలుగు లెక్క చూపే మొత్తం గ్రాఫు చక్కగా కనిపిస్తూనే ఎరుపు ఒక్కటి 255కు కొట్టుకుని ఆగిపోతుంది. అప్పుడు కాయ మీది ముడతలు, మెరుపు అన్నీ పోయి ఎర్రరంగు పూసిన గోడలా తేలుతుంది. మిర్చికైనా, మందారానికైనా, పెళ్లిచీరకైనా ఎరుపు గ్రాఫును విడిగా చూసుకోవాలి. నేను చూసుకోలేదు. పైగా రంగు చాలలేదని సాచురేషన్ పెంచాను.

ఆర్టిఫ్యాక్ట్: దృశ్యంలో లేనిది, మన పనితనం వల్ల బొమ్మలోకి వచ్చినది అని అర్థం. జేపెగ్ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా కోసి, కంటికి అంతగా ఆనని వివరాన్ని వదిలేస్తుంది. తెరిచి, దిద్ది, మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. అందుకే మూలం 'రా' (కెమెరా ముడి) ఫైలుగా ఉంచుకుని జేపెగ్‌ను చివర్లో ఒక్కసారే తీయాలి. నాయిస్ తుడవబోయి చర్మాన్ని ప్లాస్టిక్ బొమ్మలా చేయడం, షార్పెనింగ్ పెంచి అంచుల చుట్టూ తెల్లగీత తెప్పించడం కూడా ఈ పద్దులోవే. మెరుగు పెట్టేకొద్దీ బంగారం అరుగుతుందని కంసాలికి తెలుసు, మనకే తెలియదు. రేకు అంచు ఆకాశాన్ని తాకేచోట కనిపించే ఊదా గీత మాత్రం వేరే జాతి. అది ఎక్కువగా లెన్సు గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచడం వల్ల వస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ నిజాయితీగానే తీసేస్తుంది.

సైజు: అడోబీ స్టాక్, షటర్‌స్టాక్ రెండూ కనీసం 4 మెగాపిక్సెళ్లు, అంటే 40 లక్షల పిక్సెళ్లు అడుగుతాయి. 2400×1600 అంటే 38,40,000. చాలదు. సాగదీసి నింపకూడదు.

రిలీజ్: విడుదల అని కాదు, సమ్మతి పత్రం. గుర్తుపట్టగలిగే మనిషి ఉన్న బొమ్మను ప్రకటనలకు అమ్మాలంటే ఆ మనిషి సంతకం ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రులో సంరక్షకులో పెట్టాలి. 'డబ్బులిచ్చాం కదా' అన్నది సమ్మతి కాదు. 'మొహం పక్కకు తిరిగుంది కదా' అన్నదీ చాలదు. చీర, చేతిమీది పచ్చబొట్టు, కూర్చున్న తీరు చూసి గుర్తుపట్టినా గుర్తుపట్టినట్టే. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పాలి. నేను చెబితే ఆవిడ అంతా విని, "కారప్పొడి పొట్లం మీదైతే వేసుకోండయ్యా. రోగాల మందు మీద మాత్రం వెయ్యమాకండి" అంది. లాయరు పెట్టాల్సిన షరతు అది. మోడల్‌ను జబ్బుమనిషిగానో కించపరిచేలాగానో చూపే వాడకానికి స్టాక్ లైసెన్సులు కూడా హద్దులు పెట్టాయి.

ట్రేడ్‌మార్క్: వ్యాపార గుర్తు. టిక్కీ మీద అచ్చువేసిన కంపెనీ పేరు అలాంటిదే. కట్టడాలకూ ఇది వర్తించవచ్చు. ముంబయిలోని తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్ భవన రూపం 2017లో ట్రేడ్‌మార్క్‌గా నమోదైంది. కాపీరైట్ వేరు, అది సృష్టికర్త హక్కు. పగటి ఐఫిల్ టవర్‌కు ఆ చిక్కు లేదు, రాత్రి దీపాలంకరణకు ఉంది. 'మన చట్టం భవనాన్ని ఫొటో తీయనిస్తుంది కదా' అంటారా, నిజమే, 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. కానీ కొనేవాడు ఏ దేశంలోనైనా ఉండొచ్చు, సైటు జాగ్రత్త అందుకే. టిక్కీ మీది పేరును చెరిపేస్తే బొమ్మ ప్రకటనలకు పనికొస్తుంది.

ఎడిటోరియల్: వార్తకో పాఠానికో వాడుకునే బొమ్మ. ఇందులో కంపెనీ గుర్తులు ఉండొచ్చు, చెరపడమే తప్పు.

ఇంకో రోజు పొద్దున్నే వెళ్లి, ఆవిడను షెడ్డు అంచున కూర్చోబెట్టి, కంటి మీద ఫోకస్ పెట్టి మళ్లీ తీశాను. అది తీసుకున్నారు. పాత ఫొటోలో నేను కంప్యూటరు ముందు కూర్చుని నిజంగా బాగుచేయగలిగినవి రెండే: రేకు అంచున ఊదా గీత, టిక్కీ మీది పేరు.