కాన్పు చేసే చేతికి పరీక్ష ఎప్పుడు మొదలైంది?

నర్సింగ్ ప్రాక్టికల్స్ దగ్గర పడితే హాస్టల్‌లో వినిపించే ప్రశ్నలు రెండే. "ఎక్స్‌టర్నల్ ఎవరొస్తారట?" "ఏ పేషెంట్ పడుతుందో?" చదివింది ఎంతున్నా, ఈ రెండూ మన చేతిలో లేవు కదా అని భయం. ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. ఈరోజు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నిలబడి ఆ చరిత్ర చూద్దాం.

మన తాతమ్మల కాలంలో కాన్పు అంటే మంత్రసానే. ఆమెకు పరీక్ష పెట్టినవాళ్ళు లేరు. తల్లీ బిడ్డా బతికితే పేరు, లేకపోతే మాట పడాలి. నేర్చుకోవడం కూడా అత్త పక్కన కూర్చుని చేతులతోనే. ఆ చేతుల్లో పనితనం ఉండేది, నేనేమీ తక్కువ చేసి మాట్లాడట్లేదు. కానీ బొడ్డు కోసే కత్తిని మరిగించాలా వద్దా అని ఆమెకు చెప్పినవాళ్ళు, చెప్పాక చేసిందా లేదా అని చూసినవాళ్ళు లేరు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1926లో మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మిడ్‌వైఫ్‌ల చట్టం వచ్చింది. అంటే పేరు రిజిస్టర్‌లో ఎక్కాలి, ఎక్కాలంటే అర్హత చూపాలి. ఇంగ్లండ్‌లో ఇలాంటి చట్టం 1902లోనే వచ్చింది. ఇప్పుడు మ్యాప్ చూడండి. తుంగభద్రకి అటు కర్నూలు, మద్రాసు ప్రెసిడెన్సీ. ఇటు అలంపూర్, గద్వాల, నిజాం రాజ్యం. ఒకే నది, ఒకే నీళ్ళు, ఒడ్డు మారితే చట్టం లేదు! ఆ 1926 చట్టమే తర్వాత ఆంధ్రప్రదేశ్‌కి, అక్కడి నుంచి తెలంగాణకి వచ్చింది. మీ రిజిస్ట్రేషన్ నంబర్ వెనక ఉన్నది అదే.

చట్టం లేదు కాబట్టి ఇటువైపు ఏమీ జరగలేదని కాదు. 1907లో అమెరికా నుంచి కాథరినా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ మెన్నోనైట్ మిషన్ తరఫున వచ్చారు. ఆమె పనిచేసిన ఊళ్ళలో నాగర్‌కర్నూల్ ఒకటి. 1945లో శంషాబాద్‌లో చనిపోయేదాకా ఈ ప్రాంతంలోనే ఉన్నారు.

సరే, పరీక్ష దగ్గరికి వద్దాం. రిజిస్టర్ వచ్చింది, పరీక్షా వచ్చింది. కానీ ఎలాంటి పరీక్ష? ఒక పేషెంట్, ఒక ఎగ్జామినర్, కొన్ని ప్రశ్నలు. ఒకరికి సులువైన కేసు, పక్కనున్నవాళ్ళకి కష్టమైన కేసు. ఒక ఎగ్జామినర్ నవ్వుతూ అడుగుతారు, ఇంకొకరు అరుస్తారు. ఇది అన్యాయం కదా అని గట్టిగా అడిగింది స్కాట్లండ్‌లో డండీ యూనివర్సిటీకి చెందిన రోనాల్డ్ హార్డెన్. 1975లో ఆయన బృందం ఒక పద్ధతి ప్రచురించింది. గదిని చిన్న చిన్న స్టేషన్లుగా చెయ్యి. ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని. గంట కొట్టగానే పక్క స్టేషన్‌కి జరగాలి. అందరికీ అవే పనులు, ఎగ్జామినర్ చేతిలో అదే చెక్‌లిస్ట్. అదే మనం ఓస్కీ అంటున్నది.

అంటే ఓస్కీ మనల్ని భయపెట్టడానికి పుట్టింది కాదు. హాస్టల్‌లో మనం అడిగే ఆ రెండు ప్రశ్నలకి జవాబుగా పుట్టింది. యూకేకి వెళ్ళే నర్సులకు అక్కడి కౌన్సిల్ 2014 నుంచి ఇదే పెడుతోంది. 2021 ఆగస్టు నుంచి 10 స్టేషన్లు.

ఇక స్టేషన్లలో మనం చేసే పనులు. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చూసే ఆ నాలుగు పద్ధతులూ జర్మన్ డాక్టర్ లియోపోల్డ్ పేరు మీద ఉన్నాయి. బిడ్డ పుట్టిన ఒకటో నిమిషం, ఐదో నిమిషం వేసే అప్‌గార్ స్కోరు 1953లో వర్జీనియా అప్‌గార్ ప్రచురించింది. వీటిని పక్కన పెట్టి, అందరూ బట్టీ పట్టి మర్చిపోయే పార్టోగ్రాఫ్ దగ్గర కాసేపు ఆగుదాం.

దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చింది 1972లో ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు. ఎక్కడ? లండన్‌లో కాదు, అప్పటి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో. దూరపు క్లినిక్‌లో డాక్టర్ లేకుండా మిడ్‌వైఫ్ ఒక్కతే ఉంటుంది. తల్లిని పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలి? ఆలస్యమైతే ప్రాణం పోతుంది. అందుకే ఒక అలర్ట్ గీత, దానికి నాలుగు గంటలు కుడివైపు యాక్షన్ గీత. మధ్యలో ఆ నాలుగు గంటలు ప్రయాణానికి! నల్లమల చెంచు పెంట నుంచి అచ్చంపేట దాకా తల్లిని తేవడం ఊహించుకోండి, ఆ గీత ఎందుకుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక లెక్క చేద్దాం. ఉదయం 10కి 4 సెంటీమీటర్లు. గంటకి ఒక సెంటీమీటర్ లెక్కన మధ్యాహ్నం 2కి 8 ఉండాలి. మీరు చూస్తే 6. అంటే అలర్ట్ గీత దాటి రెండు గంటలు కుడివైపు వచ్చేశారు. పీహెచ్‌సీలో ఉంటే బండి పిలవాల్సిన టైమ్ అది. స్టేషన్‌లో గుర్తు పెట్టి ఊరుకుంటే సరిపోదు, "అలర్ట్ లైన్ దాటింది, రిఫర్ చేస్తున్నా" అని పైకి అనాలి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లేబర్ కేర్ గైడ్ అని కొత్త చార్ట్ తెచ్చింది. అందులో లెక్క 5 సెంటీమీటర్ల నుంచి మొదలు, గంటకో సెంటీమీటర్ గీత లేదు. మీ పరీక్షలో ఏది ఇస్తారో ముందే మేడమ్‌ని అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు ఇబ్బంది. పాత బీఎస్సీ సిలబస్ ప్రకారం ఒక్కో విద్యార్థి 20 మామూలు కాన్పులు చెయ్యాలి, లాగ్‌బుక్‌లో రాయాలి. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలోనే ఎక్కువ. ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరాయి, చాలా మంచిదే. మంత్రసాని ఇంటికి పోయింది, కానీ ఆమె చేసే మామూలు కాన్పు కూడా ఆమెతో పాటు పోతుంటే ఆ 20 ఎక్కడి నుంచి వస్తాయి? బొమ్మ మీద చేసింది లాగ్‌బుక్‌లోకి ఎక్కించేవాళ్ళు ఉంటారు. అలా ఎక్కించిన చెయ్యి రేపు రాత్రి రెండు గంటలకి నిజమైన తల్లి ముందు వణుకుతుంది.

ఇది ప్రభుత్వానికీ తెలుసు. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌తో కలిసి నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది.

మీ వరకు చేయగలిగేది ఒకటుంది. లేబర్ రూమ్ పోస్టింగ్‌లో నైట్ డ్యూటీ తప్పించుకోకండి, అడిగి మరీ వేయించుకోండి. సిస్టర్ పక్కన నిలబడి, ఆమె చెయ్యి ఎక్కడ ఆపుతుందో, ఎందుకు ఆపుతుందో చూడండి. తెల్లారాక ఆ కాన్పుకి పార్టోగ్రాఫ్ మీరే గీసి ఆమెకే చూపించండి. తప్పుంటే ఆమె అక్కడే దిద్దుతుంది.